వడ్ల మిల్లులో టోకెన్ వంతు చెప్పే ఫోన్ లైన్: ఏ ఓపెన్ సోర్స్ లైబ్రరీ పట్టుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మిర్యాలగూడలో రైస్ మిల్లు. కోతలు మొదలైతే వడ్ల ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరుతాయి. రైతు ఒక నంబర్‌కు ఫోన్ చేస్తే తన టోకెన్ ఎంత, తన ముందు ఇంకెన్ని బండ్లు ఉన్నాయి అన్నది తెలుగులో వినిపించాలి. మీకు పైథాన్ వచ్చు, టెలిఫోన్ పని కొత్త. వెతికితే పీజేసిప్, ఫ్రీస్విచ్, ఆస్టరిస్క్, కమైలియో అని నాలుగు పేర్లు తగిలాయి. వీటిలో ఏది పట్టుకోవాలి, కట్టిన తర్వాత పక్క మిల్లులకు అమ్ముకోవచ్చా అన్నారు.

సూటిగా జవాబు: ఆస్టరిస్క్ 22 పెట్టండి, అది ఫోన్ కాల్స్ ఎత్తి నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్. కాల్ వచ్చాక ఏం చేయాలన్నది పైథాన్‌లో, ఫాస్ట్ ఏజీఐ పద్ధతిలో (ఆస్టరిస్క్ మీ ప్రోగ్రాంతో నెట్‌వర్క్ మీద మాట్లాడే దారి) రాయండి. అమ్ముకోవచ్చు కూడా. మీరు రాయాల్సిన కోడ్ రెండు మూడు వందల లైన్లు దాటదు. కష్టం కోడ్‌లో ఉండదు. టెలిఫోన్ కంపెనీ ఇచ్చే లైన్, రికార్డ్ చేసే గొంతు, రౌటర్, ఈ మూడు చోట్లే రోజులు కరిగిపోతాయి. అందుకే కింద వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు పేర్ల సంగతి. ఇవి ఒకదానికొకటి పోటీ అనుకోవద్దు, ఒక్కోటి ఒక్కో పనికి పుట్టింది.

పీజేసిప్ అనేది సీ భాషలో రాసిన లైబ్రరీ. ఫోన్ కాల్‌ను కలిపే సిప్ ప్రోటోకాల్‌నూ, గొంతును మోసే ఆర్‌టీపీనీ అదే చూసుకుంటుంది. మొబైల్ యాప్‌లోనో, కంప్యూటర్‌లోనో మీరే ఒక సాఫ్ట్‌ఫోన్ తయారు చేయాలంటే అది సరైన ఎంపిక. పైథాన్ నుంచి కూడా వాడొచ్చు. కానీ దాని మీద ఐవీఆర్ (ఫోన్ ఎత్తి, రికార్డ్ చేసిన మాటలతో జవాబు చెప్పే ఏర్పాటు) కట్టాలంటే కాల్ క్యూ, ఏ ఆడియో ఫైల్ ఎప్పుడు ప్లే చేయాలన్నది, ఒకేసారి పది కాల్స్ నడపడం, అన్నీ మీరే రాసుకోవాలి. పైగా ఆస్టరిస్క్ లోపల సిప్ పని చేసేది పీజేసిప్పే. కాబట్టి ఆస్టరిస్క్ పెట్టుకుంటే పీజేసిప్‌ను వాడుతున్నట్టే.

ఫ్రీస్విచ్‌ను ఆంథనీ మినెసాల్, ఆయన తోటివాళ్ళు 2006లో బయటికి తెచ్చారు. పెద్ద కాన్ఫరెన్సులకు, వందల కాల్స్ నడిచే కాల్ సెంటర్లకు గట్టి సాఫ్ట్‌వేర్. 8021 పోర్ట్ మీద ఈవెంట్ సాకెట్ ద్వారా పైథాన్‌తో నడపొచ్చు. సెట్టింగులన్నీ ఎక్స్ఎంఎల్‌లో ఉంటాయి, కొత్తవాళ్ళకు అదే అడ్డంకి. మీ పనికి అది చేయలేనిదేమీ లేదు, కానీ నేర్చుకునే భారం ఎక్కువ, దక్కే లాభం తక్కువ.

కమైలియో, దాని తోబుట్టువు ఓపెన్‌సిప్స్, రెండూ ఓపెన్‌సర్ అనే ప్రాజెక్టు 2008లో చీలితే వచ్చాయి. ఇవి సిప్ సందేశాలను ఎటు పంపాలో చూసే రౌటర్లు. గొంతు వినిపించడం వాటి పని కాదు. నాలుగైదు ఆస్టరిస్క్ సర్వర్ల ముందు నిలబెట్టి కాల్స్ పంచాలన్నప్పుడు వాటి అవసరం పడుతుంది. ఒక మిల్లుకు వద్దు.

ఆస్టరిస్క్‌ను మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టారు. ఇన్నేళ్ళుగా వాడుకలో ఉండటం వల్ల, మీకొచ్చే తప్పు సందేశం ఏదైనా అంతకు ముందే ఎవరో అడిగి ఉంటారు, ఎవరో జవాబు చెప్పి ఉంటారు. మొదటిసారి టెలిఫోన్ పని చేసేవాళ్ళకు ఇంతకంటే పెద్ద ఆధారం లేదు.

ఒక జాగ్రత్త. యూట్యూబ్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు సిప్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ రాయమంటాయి. అది పాత చాన్ సిప్ డ్రైవర్‌ది. 21వ వెర్షన్ నుంచి ఆ డ్రైవర్‌ను పూర్తిగా తీసేశారు. మీరు రాయాల్సింది పీజేసిప్ డాట్ కాన్ఫ్. రెండింటి తీరు వేరు, పాత లైన్లు కాపీ చేస్తే ఏదీ పనిచేయదు. ఇంకోటి, డెబియన్ 12 ప్యాకేజీల్లో ఆస్టరిస్క్ లేదు, కాబట్టి సోర్స్ తెచ్చుకుని కంపైల్ చేయాలి. కంపైల్ అయ్యాక మేక్ శాంపిల్స్ కొట్టకండి. అది ఉదాహరణ సెట్టింగులన్నీ తెచ్చి పోస్తుంది, వాటిలో ఏది నడుస్తోందో ఏది నడవట్లేదో కొత్తవాళ్ళకు తేలదు. అవసరమైన నాలుగైదు ఫైళ్ళు చేత్తో రాసుకోండి.

ఇక లైన్. టెలికాం లైసెన్స్ ఉన్న ఆపరేటర్ దగ్గర సిప్ ట్రంక్ (సిప్ ద్వారా ఒకేసారి చాలా కాల్స్ మోసే లైన్) అడగండి. వాళ్ళు పీఆర్ఐ ఇస్తామంటే అది 2.048 ఎంబీపీఎస్ మీద 30 చానెళ్ళు (ఒక్కో చానెల్‌లో ఒకసారికి ఒక కాల్) వచ్చే ఈ1 లైన్, దానికి కంప్యూటర్‌లో కార్డో, బయట గేట్‌వే పెట్టెనో కావాలి. పీఆర్ఐ తప్పనిసరి అయితే గేట్‌వే పెట్టె కొనండి. కార్డు పెడితే డ్రైవర్లు, కెర్నల్ వెర్షన్లు అంటూ ప్రతి అప్‌డేట్‌కూ పని పడుతుంది. సిమ్ములు పెట్టే గేట్‌వేతో చవగ్గా కానిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్స్‌ను సిమ్ముల్లోకి మళ్ళించడం నేరం.

ఎన్ని చానెళ్ళు కావాలన్నది లెక్క కట్టి తీసుకోవాలి. రద్దీ గంటలో 300 కాల్స్ వస్తాయనుకుందాం, ఒక్కోటి 40 సెకన్లు. మొత్తం 12,000 సెకన్లు, దాన్ని 3,600తో భాగిస్తే 3.33 ఎర్లాంగ్‌లు, అంటే సగటున ఒకేసారి నడిచే కాల్స్. ఎందరికి బిజీ వస్తుందో చెప్పే ఎర్లాంగ్ బీ సూత్రంలో వేస్తే 8 చానెళ్ళకు నూటికి ఒకటిన్నర కంటే తక్కువ కాల్స్‌కే బిజీ వస్తుంది. అదే 5 చానెళ్ళు పెడితే నూటికి 14 మందికి బిజీ టోన్. అంటే 8 నుంచి 10 చానెళ్ళు చాలు, 30 కొనాల్సిన పని లేదు. కాల్ ఎంత పొట్టిగా ఉంటే అంత తక్కువ చానెళ్ళు. స్వాగతం పలికే మాటలు 10 సెకన్లు తగ్గించారంటే లైన్ల ఖర్చు తగ్గించినట్టే.

కోడెక్ (గొంతును డేటాగా మార్చే పద్ధతి) జీ.711 ఏ-లా పెట్టండి, మన దేశంలో వాడుక అదే. ఒక కాల్‌కు సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదానిలో 160 బైట్ల గొంతు. హెడర్లన్నీ కలిపితే ఈథర్నెట్ మీద ఒక్కో దిశకు దాదాపు 87 కేబీపీఎస్. పది కాల్స్‌కు ఒక ఎంబీపీఎస్ లోపే. కంప్యూటర్ కూడా మామూలుది సరిపోతుంది, రెండు కోర్లు, 4 జీబీ మెమరీ. మిల్లులో తవుడు దుమ్ము లోపలికి చేరి ఫ్యాన్లు పట్టేస్తాయి కాబట్టి ఫ్యాన్ లేని చిన్న పెట్టె మేలు. యూపీఎస్‌ను కంప్యూటర్‌కే కాదు, రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు కూడా ఇవ్వండి. ఆ రెండూ కరెంటు పోయిన క్షణమే ఆగితే కంప్యూటర్ నడిచినా ఫలితం లేదు.

ట్రంక్ కలిపేటప్పుడు చాలామంది తట్టుకునే రాళ్ళు రెండు. ఒకటి, ఆపరేటర్ యూజర్ నేమ్ లేకుండా ఐపీ అడ్రస్‌ను బట్టే కాల్ పంపుతుంటే, పీజేసిప్ డాట్ కాన్ఫ్‌లో ఐడెంటిఫై అనే విభాగం రాసి ఆ ఐపీ ఇవ్వాలి. అది లేకపోతే ఆస్టరిస్క్‌కు ఆ కాల్ ఎవరిదో తెలియక 401 (ముందు నువ్వెవరో రుజువు చూపు అనే సందేశం) పంపుతుంది, ఆపరేటర్ వైపు నుంచి మీ లైన్ పనిచేయట్లేదు అంటారు. రెండోది నంబర్ రూపం. నల్గొండ కోడ్ 08682తో మొదలయ్యే నంబర్‌ను ఒక ఆపరేటర్ 08682 అనే పంపుతాడు, ఇంకొకరు సున్నా తీసేస్తారు, మరొకరు ముందు ప్లస్ 91 చేరుస్తారు. డయల్‌ప్లాన్‌లో (ఏ నంబర్‌కు వచ్చిన కాల్‌ను ఏం చేయాలో రాసే చోటు) ఎక్స్ అంటే 0 నుంచి 9 వరకు అంకెలే, ప్లస్ గుర్తు అందులో లేదు. ప్లస్‌తో వచ్చే నంబర్‌కు ప్యాటర్న్ విడిగా రాయకపోతే 404, అంటే ఆ నంబర్ లేదని పడుతుంది. రైతు మొబైల్ నంబర్‌ది కూడా ఇదే గొడవ. కాలర్ ఐడీలో చివరి 10 అంకెలే తీసుకుని డేటాబేస్‌లో వెతకండి. ముందు సున్నా ఉన్నా, ప్లస్ 91 ఉన్నా ఒకటే అవుతుంది.

కాల్ నడిచే తీరు ఇలా ఉంచండి. ఆన్సర్, ఒక సెకను వెయిట్, ఫాస్ట్ ఏజీఐ, ఆ తర్వాత హ్యాంగప్. ఆ ఒక్క సెకను వెయిట్ లేకపోతే గొంతు దారి రెండు వైపులా తెరుచుకునేలోపే మాట మొదలై, నమస్కారం కాస్తా స్కారం అని వినిపిస్తుంది. ఫాస్ట్ ఏజీఐ లైన్ తర్వాత ఇంకో లైన్ తప్పకుండా రాయండి, మీ పైథాన్ ప్రోగ్రాం పడిపోతే కాల్ ఆఫీసు ఫోన్‌కు వెళ్ళేలా.

ఏజీఐలో ఆస్టరిస్క్ మీ ప్రోగ్రాంతో మామూలు పాఠంగా మాట్లాడుతుంది. ముందు కాల్ వివరాలు లైన్ల వారీగా పంపుతుంది, ఖాళీ లైన్‌తో ముగిస్తుంది. తర్వాత మీరు ఒక ఆదేశం పంపడం, 200 రిజల్ట్ అంటూ వచ్చే జవాబు చదవడం, మళ్ళీ ఆదేశం. మామూలు ఏజీఐ అయితే ప్రతి కాల్‌కు కొత్తగా పైథాన్ లేస్తుంది. ఫాస్ట్ ఏజీఐలో మీ ప్రోగ్రాం 4573 పోర్ట్ మీద ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, డేటాబేస్ కనెక్షన్ కూడా తెరిచే ఉంటుంది. లైబ్రరీ కావాలంటే పనోరమిస్క్ ఉంది, అసింక్ఐఓ మీద నడుస్తుంది. దాన్నే వాడాలని లేదు, ఈ ప్రోటోకాల్ ఎంత చిన్నదంటే సాకెట్ తెరిచి మీరే రాసుకోవచ్చు.

ఇందులో జనం చిక్కుకునే చోట్లు ఇవి. ఆడియో వినిపించే స్ట్రీమ్ ఫైల్ ఆదేశానికి ఫైల్ పేరు ఎక్స్‌టెన్షన్ లేకుండా ఇవ్వాలి. ఆ ఆదేశం నడుస్తుండగా రైతు 1 నొక్కితే జవాబులో 1 రాదు, 49 వస్తుంది. అది ఆస్కీ కోడ్. అంకెలు నొక్కమని అడిగే గెట్ డేటా ఆదేశంలో మాత్రం నొక్కిన అంకెలే నేరుగా వస్తాయి, దాని టైమవుట్ మిల్లీసెకన్లలో ఉంటుంది. ఎనిమిది సెకన్లకు 8 అని రాస్తే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, 8000 అని రాయాలి. రైతు మధ్యలో ఫోన్ పెట్టేస్తే సాకెట్‌లో హ్యాంగప్ అనే లైన్ వస్తుంది, అప్పుడు పంపిన ఆదేశాలకు 511 జవాబు రావచ్చు. రెండింటినీ కోడ్‌లో పట్టుకోకపోతే జవాబులు ఒకటి వెనక్కి జరిగి, మీ ప్రోగ్రాం ఒక ఆదేశానికి ఇంకో ఆదేశపు ఫలితం చదువుతుంది. ఆ తప్పు వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

ఆస్టరిస్క్‌ను ప్రోగ్రాంతో నడిపే ఇంకో దారి ఏఆర్ఐ, అది ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. వెబ్‌సాకెట్, హెచ్‌టీటీపీ మీద నడిచే ఆ పద్ధతి 12వ వెర్షన్‌లో వచ్చింది, చాలా మంచిది. రెండు కాల్స్‌ను బ్రిడ్జిలో కలపడం, క్యూ మీరే నడపడం లాంటి పనులకు అదే సరి. మీ పని ఒక వరుసలో సాగేది: విను, వెతుకు, చెప్పు, పెట్టేయి. దానికి ఏఆర్ఐ వాడితే ప్లే మొదలైంది, ప్లే అయిపోయింది, అంకె నొక్కారు అని ప్రతిదాన్నీ ఈవెంట్‌గా పట్టుకుని స్థితి గుర్తుపెట్టుకోవాలి. ఉత్తపుణ్యానికి కోడ్ మూడింతలు.

ఇప్పుడు గొంతు. అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. ఆస్టరిస్క్‌కు 8,000 హెర్ట్జ్, మోనో, 16 బిట్ వేవ్ ఫైల్ కావాలి. ఫోన్‌లో రికార్డ్ చేసిన 44,100 హెర్ట్జ్ స్టీరియో ఫైల్ అలాగే పెడితే తెరవదు, ఫైల్ లేదన్నట్టు లాగ్‌లో పడుతుంది. ఉన్న ఫైల్‌ను లేదంటోందేమిటని తలపట్టుకుంటారు. సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాంతో మార్చుకోండి. రికార్డింగ్ మాత్రం 48,000 హెర్ట్జ్‌లో చేసి ఆ అసలు ఫైళ్ళు దాచుకోండి. టెలిఫోన్‌లో 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దమే పోతుంది, వెనక సంగీతం పెడితే మాట ముద్దయిపోతుంది. మన ప్రాంతం యాస ఉన్న మనిషి గొంతు పెట్టండి, వడ్లు, బండి, కాంట అనే మాటలే వాడండి. ధాన్యం తూకం ప్రక్రియ అనే మాట ట్రాక్టర్ చప్పుడులో ఎవరికీ ఎక్కదు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఆస్టరిస్క్‌లో సే నంబర్ అనే ఆదేశానికి తెలుగు పద్ధతి తెలియదు, ఇంగ్లీష్ వరుసలోనే పలుకుతుంది. 125 అంటే ఒకటి, వంద, ఇరవై, ఐదు అని నాలుగు ముక్కలుగా వస్తుంది. మనకు వంద ఒంటరిగా ఉన్నప్పుడు వంద, వెనక అంకె ఉంటే నూట. రెండు వందలు, కానీ రెండు వందల ఐదు. కాబట్టి ఆ ఆదేశాన్ని వదిలేసి ఈ పని పైథాన్‌లో చేయండి. 1 నుంచి 99 వరకు ఒక్కో అంకెకు ఒక్కో ఫైల్, ఇరవైని ఐదుని అతికించొద్దు, ఇరవై ఐదు అని ఒకే ఊపిరిలో చెప్పించండి. తర్వాత వంద, నూట అని రెండు. రెండు వందలు, రెండు వందల దగ్గర్నుంచి తొమ్మిది వందలు, తొమ్మిది వందల దాకా పదహారు. మొత్తం 117 ఫైళ్ళతో 999 వరకు ఏ టోకెన్ అయినా చెప్పొచ్చు. ప్రతి ఫైల్ ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దాన్ని 50 మిల్లీసెకన్లకు కత్తిరించండి, లేకపోతే నూట, ఆగి, పదిహేడు అని వినిపిస్తుంది.

వాక్యాన్ని కూడా అంకె చివర్లో వచ్చేలా కట్టండి. మీ ముందు పదిహేడు బండ్లు ఉన్నాయి అని కట్టారంటే, ఒకటి అయినప్పుడు ఒకటి బండ్లు ఉన్నాయి అని తప్పుగా పలుకుతుంది. మీ ముందున్న బండ్లు, పదిహేడు, అంటే ఏ అంకెకైనా సరిపోతుంది. ముందు ఎవరూ లేనప్పుడు మాత్రం సున్నా అనకుండా, ఇక మీదే వంతు, బండి గేటు దగ్గరికి తీసుకురండి అని విడిగా ఒక ఫైల్. ఒకే నంబర్ మీద రెండు మూడు ట్రాక్టర్లు ఉంటే ముందుగా వచ్చే టోకెన్ ఒక్కటే చెప్పండి, అన్నీ చదివితే దేనిదేదో కలిసిపోతుంది.

నంబర్ మీ జాబితాలో లేనప్పుడే టోకెన్ నొక్కమని అడగండి, మిగతావాళ్ళకు ఏ బటనూ అక్కర్లేకుండా జవాబు రావాలి. టచ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే స్క్రీన్ ఆరిపోతుంది. దాన్ని కిందికి దించి, కీప్యాడ్ తెరిచి, టోకెన్ చీటీ చూసుకుని నొక్కాలి. అందుకే కనీసం 8 సెకన్లు ఇవ్వాలి. నొక్కిన అంకెలు రాకపోతే డీటీఎంఎఫ్ (బటన్ల అంకెలు లైన్ మీద పంపే) పద్ధతి చూడండి. మొదట ఆర్ఎఫ్‌సీ 4733 (అంకెలను గొంతుతో కలపకుండా విడిగా పంపేది) పెట్టి చూసి, పనిచేయకపోతే ఆటోకు మార్చండి. కొన్ని ట్రంకుల్లో అంకెలు గొంతుతో కలిసే వస్తాయి, ఆటోలో ఆస్టరిస్క్ వాటినీ పట్టుకుంటుంది. 5 నొక్కితే 55 అని పడుతుంటే ఒకే అంకె రెండు దారుల్లోనూ వస్తోందన్నమాట, అప్పుడు ఒక పద్ధతికే బిగించండి.

కాంట సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌ను ప్రతి కాల్‌కూ నేరుగా అడగకండి. పది సెకన్లకోసారి టోకెన్ల జాబితాను మీ ప్రోగ్రాం మెమరీలోకి తెచ్చుకుంటే చాలు. బిల్లు కొట్టే సమయానికి డేటాబేస్ తాళం పడితే, అటు రైతుకు నిశ్శబ్దమే వినిపిస్తుంది. మూడు సెకన్లు ఏ చప్పుడూ లేకపోతే లైన్ కట్ అయిందనుకుని పెట్టేసి మళ్ళీ చేస్తారు, రద్దీ రెట్టింపు.

తప్పులు పట్టుకోవడానికి ఎస్ఎన్‌గ్రెప్ అనే ప్రోగ్రాం ముందే పెట్టుకోండి, కాల్‌లో ఏ సందేశం ఎటు పోయిందో నిచ్చెన బొమ్మలా చూపిస్తుంది. లక్షణాన్ని బట్టి కారణం చాలావరకు ముందే చెప్పేయొచ్చు:

సరిగ్గా 32 సెకన్లకు కాల్ తెగుతోందంటే కాల్ ఎత్తినట్టు మీరు పంపిన 200 ఓకేకు అటు నుంచి ఏసీకే (ముట్టిందనే జవాబు) అందడం లేదు. సిప్ ప్రమాణంలో ఆ గడువు అర సెకనుకు 64 రెట్లు. మీ ఆస్టరిస్క్ కాంటాక్ట్ హెడర్‌లో 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ పెట్టి పంపుతోంది, ఏసీకే దానికి పోతోంది. పీజేసిప్ డాట్ కాన్ఫ్‌లోని ట్రాన్స్‌పోర్ట్ విభాగంలో ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, లోకల్ నెట్ మూడూ నింపండి.

ఒక వైపే మాట వినిపిస్తోందంటే ఆర్‌టీపీ దారి మూసుకుంది. అదే ఫైల్‌లో ఎండ్‌పాయింట్ విభాగంలో డైరెక్ట్ మీడియా నో, ఆర్‌టీపీ సిమెట్రిక్ ఎస్ పెట్టండి, రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యాన్ని ఆపండి. సాయం చేస్తున్నట్టు కనిపిస్తూ హెడర్లు చెడగొట్టేది అదే.

పది కాల్స్‌కు 10000 నుంచి 20000 దాకా ఆర్‌టీపీ పోర్టులన్నీ తెరవనక్కర్లేదు. కాల్‌కు రెండు చొప్పున ఖర్చవుతాయి, 10000 నుంచి 10200 వరకు చాలు. సిప్ సందేశాలు వచ్చే 5060 పోర్ట్‌ను ఆపరేటర్ ఐపీకి తప్ప ఎవరికీ తెరవకండి. లోకమంతటికీ తెరిచిన 5060ని వెతికి పట్టుకునే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి, ఒక బలహీనమైన పాస్‌వర్డ్ దొరికితే తెల్లారేసరికి విదేశీ కాల్స్ బిల్లు మీ మెడకు చుట్టుకుంటుంది. మీది వచ్చే కాల్స్ లైనే కాబట్టి ఐఎస్‌డీ పూర్తిగా మూసేయమని ఆపరేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

వంతు దగ్గరపడ్డప్పుడు మిల్లు నుంచే రైతుకు ఫోన్ వెళ్ళాలని రేపు అడుగుతారు. దానికి కాల్ ఫైల్ ఉంది. చిన్న పాఠపు ఫైల్ రాసి ఆస్టరిస్క్ అవుట్‌గోయింగ్ ఫోల్డర్‌లో పెడితే కాల్ వెళ్తుంది. ఆ ఫైల్‌ను ఆ ఫోల్డర్‌లోనే తెరిచి రాయకండి, కాపీ కూడా చేయకండి. సగం రాసిన ఫైల్‌నే ఆస్టరిస్క్ చదివేస్తుంది. అదే డిస్క్‌లో వేరే చోట పూర్తిగా రాసి మూవ్ చేయాలి. అయితే వ్యాపార కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు వర్తిస్తాయి. మొదలుపెట్టే ముందే ఆపరేటర్ దగ్గర రిజిస్ట్రేషన్, ఏ సిరీస్ నంబర్ నుంచి చేయాలి అన్నది తేల్చుకోండి. రైతు చేస్తే జవాబు చెప్పే లైన్‌కు ఈ తలనొప్పి లేదు, అందుకే దానితోనే మొదలుపెట్టమంటాను.

అమ్ముకునే సంగతి. ఆస్టరిస్క్ జీపీఎల్ (పంచేటప్పుడు సోర్స్ కూడా ఇవ్వాలనే ఓపెన్ సోర్స్ లైసెన్స్) రెండో వెర్షన్ కింద ఉంది. ఏజీఐ, ఏఎంఐ ద్వారా దాన్ని నడిపే ప్రోగ్రాములు జీపీఎల్ కిందికి రానక్కర్లేదని ఆస్టరిస్క్ లైసెన్స్ ఫైల్‌లోనే రాసి ఉంది. కాబట్టి మీ పైథాన్ కోడ్ మీది, మూసి ఉంచి అమ్మొచ్చు. ఆస్టరిస్క్ సీ కోడ్‌నే మార్చి పెట్టెతో సహా ఇస్తే మాత్రం ఆ మార్పుల సోర్స్ కొన్నవాళ్ళకు ఇవ్వాల్సిందే. మార్పులు చేయకపోయినా ఆస్టరిస్క్ వేసిన పెట్టె అమ్మితే దాని సోర్స్ అందుబాటులో ఉంచాలి, జీపీఎల్ ప్రతి కూడా జతచేయాలి. పీజేసిప్‌ను నేరుగా మీ యాప్‌లో కలిపి మూసిన కోడ్‌గా అమ్మాలంటే దానికి వేరే వాణిజ్య లైసెన్స్ కొనాలి. ఆ దారిలోకి మీరు పోవట్లేదు కాబట్టి ఆ ఖర్చు లేదు.